కొండదారికి పడకసంచి

మన విద్యార్థులలో పర్వతయాత్రలయందు ఆసక్తి వర్ధిల్లుచుండుట సంతోషింపదగిన విషయము. నిజామాబాదు ప్రాంతపు బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన, పదమూడేండ్ల వయస్సున, ఎవరెస్టు శిఖరమును అధిరోహించిన నాటినుండి మన పల్లెల పిల్లలకు సైతము హిమాలయములు అందరాని దూరముగా తోచుట మానినవి. సెలవులలో ఉత్తరాఖండమునకు పోయి కేదార్‌కంఠ మెక్కి వత్తుమని తలిదండ్రులను అడుగు బాలబాలికలు కలరు. అట్టి ప్రయాణమునకు కావలసిన సామగ్రిలో ఎక్కువ వ్యయమును ఎక్కువ సందేహమును కలిగించునది పడకసంచి, అనగా స్లీపింగు బ్యాగు. దుకాణములయందు “అల్ట్రాలైటు” అను పేర అమ్మబడు మిక్కిలి తేలికైన డౌన్ సంచులను చూచి పిల్లలు ముచ్చటపడుచున్నారు. ఆ ముచ్చట తీర్చుటకు ముందు తలిదండ్రులు గమనింపవలసిన సంగతులు కొన్ని కలవని మా యభిప్రాయము.

డౌన్ అనగా బాతుల రొమ్మున, గట్టి ఈకల క్రింద పెరుగు మెత్తని నూగు. వెచ్చదనము ఆ నూగులో లేదు. అది పొంగి తనలో నిలుపుకొను గాలిలో నున్నది. దూదేకులవారు క్రొత్తగా ఏకి నింపిన పఱుపు వెచ్చగా నుండుటయు, దూది అణగిన పిమ్మట ఆ వెచ్చదనము తగ్గుటయు మన యిండ్లలో అందఱు ఎఱిగినదే. నూగు దూదికంటె ఎంతయో అధికముగా పొంగును. పిడికిట నలిపి విడిచినను మరల లేచును. ఆ పొంగును తెలుపుటకే సంచులమీద 600, 800, 900 అను అంకెలు వేయుదురు. ఒక ఔన్సు నూగు, అనగా సుమారు 28 గ్రాములు, అన్ని ఘనపుటంగుళముల చోటు నిండునని వాని యర్థము.

ఇచ్చట కొంచెము లెక్క వేయుదము. 800 అంకె గల నూగు 400 గ్రాములు నింపినచో సుమారు 185 లీటర్ల పొంగు వచ్చును. అంత పొంగునే 600 అంకె గల నూగుతో సాధింపవలెనన్న సుమారు 533 గ్రాములు కావలెను. భేదము 133 గ్రాములు, ఒక జామకాయ యెత్తు! ధరలోని భేదము మాత్రము జామకాయలతో పోల్చదగినది కాదు.

తేలికదనమును మేము తృణీకరించుట లేదు. నలువది కిలోల బాలుడు తన బరువులో ఐదవ వంతునకు, అనగా ఎనిమిది కిలోలకు, మించి మోయకుండుట మేలు. అంతే వెచ్చదనము నిచ్చు కృత్రిమపు పీచుతో నింపిన సంచి డౌన్ సంచికంటె బరువైనది, మూటలో ఎక్కువ చోటు తినునది. కావున మంచుకొండలకు పోవువారు డౌన్ సంచినే కోరుట న్యాయమే. లంబసింగి, అరకు మొదలగు మన మన్యపు చోట్లకు పోవువారికి ఇంటి గొంగళియు మంచి దుప్పటియు చాలును; వానికై బాతునూగు కొనుట దుబారా.

అసలు చిక్కు శీతోష్ణపు టంకెలయందున్నది. 2002లో యూరపు దేశములు వెలువరించిన ఈ.ఎన్. 13537 నిబంధనయు, దాని స్థానమున 2016లో వచ్చిన ఐ.ఎస్.ఓ. 23537 నిబంధనయు వీనికి ఆధారములు. వేడి పుట్టించు మనుష్యాకృతి బొమ్మకు పలుచని దుస్తులు తొడిగి, క్రింద పఱుపుచాప వేసి, సంచిలో పరుండబెట్టి పరీక్షింతురు. “కంఫర్టు” అను అంకె ముడుచుకొనక సుఖముగా నిద్రించు స్త్రీకి లెక్కించినది. “లిమిటు” అనునది ముడుచుకొని యెట్లో రాత్రి గడపు పురుషునికి లెక్కించినది. “ఎక్స్‌ట్రీము” అనునది ప్రాణాపాయపు సరిహద్దు. దానిని నమ్మి ఎవరును నిద్రింపరాదు. ఆ లెక్కలోని స్త్రీపురుషులు ఇరువదియైదేండ్లవారు. స్త్రీ 60 కిలోలు, పురుషుడు 70 కిలోలు. పిల్లల సంచులకు ఈ నిబంధన వర్తింపదు. పిల్లల శరీరమునకు తగినట్లు హద్దులు కట్టు లెక్క ఏర్పడలేదన్నదే అందులకు కారణము.

దుకాణములో “మైనస్ 5” అని పెద్ద యక్షరములతో కనబడునది తఱచు లిమిటు అంకె. పగలంతయు నడచి, ఎత్తుచోట ఆకలి చచ్చి రెండు ముద్దలు తిని పరుండిన ఎనిమిదవ తరగతి బాలికకు ఆ యంకె యేమి సహాయము చేయగలదు? కాబట్టి కంఫర్టు అంకెను మాత్రమే చూడవలెననియు, పోవు చోటి రాత్రి చలికంటె ఐదు డిగ్రీలు దిగువకు ఉపకరించు సంచిని ఎన్నుకొనవలెననియు మేము గట్టిగా చెప్పుచున్నాము. సున్న డిగ్రీల చోటికి కంఫర్టు మైనస్ 5 గల సంచి కావలెను. కొంత బరువు పెరుగును, పెరుగనిండు. మూటలో తగ్గింపదగిన వస్తువులు, సుగంధద్రవ్యపు సీసాలు మొదలుకొని, చాల కలవు.

శరీరము క్రింద నలిగిన నూగు పొంగదు గనుక నేల చలిని సంచి ఆపలేదు. మంచి పఱుపుచాప లేక ఎంత వెలగల సంచి కొన్నను వ్యర్థమే. తడిసిన నూగు ఉండలు కట్టును. సంచిని నీరంటని కవరులో నుంచవలెను, తల లోపల దూర్చి ఊపిరి విడువరాదు. పైవస్త్రమునుగూర్చి ఒక్క మాట. 10 డెనీరు అనగా 9,000 మీటర్ల దారము పది గ్రాములే తూగునని యర్థము. అంత పలుచని గుడ్డ ముల్లునకును జిప్పునకును వెఱచును. మన హాస్టలు బాలుర చేతులకు 20 డెనీరే తగునని మా నమ్మకము. బ్రదికియున్న పక్షుల నూగు పెఱుకుటను నిషేధించు “రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డు” అను కట్టుబాటు 2014లో ఏర్పడినది. ఆ గుర్తు గల సంచినే కొనుట మనబోటి విద్యాలయములకు శోభించును.

ఎదుగు పిల్లలకు నేడు సరిపోయిన సంచి రెండేండ్లకు పొట్టిదగును. పెద్దవాని పొడుగు సంచిలో చిన్నవానిని పరుండబెట్టిన, ఖాళీచోటి గాలిని కూడ వాడే వెచ్చచేయవలెను. అందుచేత ఇంటింటికి ఒకటి కొనుటకంటె పాఠశాలవారే రెండు కొలతలలో పది సంచులును పది చాపలును కొని, యాత్రకు పోవువారికి స్వల్పరుసుముతో ఇచ్చుట మేలని కార్యవర్గమువారికి మనవి చేయుచున్నాము. తిరిగి వచ్చిన సంచులను నీడలో ఆరబెట్టవలెను. గట్టిగా అణచి కట్టియుంచిన నూగు క్రమముగా పొంగు కోల్పోవును గనుక పెద్ద గుడ్డసంచులలో వదులుగా వేసి, పొడి గదిలో, ఎలుకలకు అందకుండ వ్రేలాడదీయవలెను.