ప్రత్యామ్నాయం ఉండగా 600 ఎలా చెల్లుతుంది?

వేసవి మొదలైందంటే జిల్లా పేజీల్లో అదే ఫొటో. గాజుగ్లాసులో కుళాయి నీళ్లు, అందులో ముంచిన టీడీఎస్ (నీటిలో కరిగిన ఘనపదార్థాల) మీటరు, దాని తెరమీద ఎనిమిది వందలో తొమ్మిది వందలో. శీర్షికలో 'విషం' అన్న మాట. మర్నాడు మున్సిపల్ అధికారుల ఖండన: నీళ్లు నిర్దేశిత ప్రమాణాల్లోనే ఉన్నాయని. ఆ వార్తా తప్పే, ఆ ఖండనా తప్పే. రెంటిలో ఖండనే ఎక్కువ నష్టం చేస్తుంది. ప్రమాణం చదివి చెప్పినట్టు వినిపిస్తుంది గనుక దాన్ని ఎవరూ ఎదురు ప్రశ్నించరు.

మీటరు సంగతి త్వరగా తేల్చేద్దాం. అది నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, ఆ విలువను ఒక గుణకంతో హెచ్చవేసి చూపిస్తుంది. సున్నమేదో, వంటింటి ఉప్పేదో దానికి తెలియదు. మెగ్నీషియం, కాల్షియం తీసి వాటి స్థానంలో సోడియం పెట్టే సాఫ్టెనర్ గుండా అదే నీటిని పంపితే సబ్బు చక్కగా నురగనిస్తుంది, గిన్నెలకు తెల్లని పొర పట్టదు, మీటరు మీద అంకె మాత్రం దాదాపు కదలదు. 400 చూపించే నీటిలో ఫ్లోరైడ్ హద్దు మీరి ఉండొచ్చు. మురుగు కలిసి ఈ.కోలి చేరినా మీటరు కిమ్మనదు.

ఆ కాల్షియం, మెగ్నీషియంల వల్ల వచ్చే కఠినత్వం తెలియాలంటే ప్రయోగశాలలో బ్యూరెట్ పట్టాల్సిందే. 50 మిల్లీలీటర్ల నీళ్లు ఫ్లాస్కులో తీసుకుని, అమ్మోనియా బఫరు వేసి, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్-టి కలిపితే ద్రాక్షసారా ఎరుపు వస్తుంది. పైనుంచి 0.01 మోలార్ ఈడీటీఏ చుక్కచుక్కగా పడుతుంటే ఎరుపు ఊదాలోకి జారి, ఒక్క చుక్క దగ్గర స్వచ్ఛమైన నీలం అవుతుంది. అక్కడ ఆపాలి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్ని 20తో గుణిస్తే లీటరుకు మిల్లీగ్రాముల్లో కఠినత్వం. 10 దగ్గర రంగు మారితే 200, 30 దగ్గర మారితే 600. ఖండనలన్నీ పుట్టేది ఈ 10కీ 30కీ మధ్యనే.

తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 మొదట 1983లో వచ్చింది. 1991 సవరణలో కఠినత్వానికి వాంఛనీయ హద్దు 300. 2012 సవరణలో దాన్ని ఆమోదయోగ్య హద్దు అన్నారు, 200కి దించారు. పక్క గడిలో 600 అలాగే ఉంది. అధికారులు చదివేది ఆ పక్క గడినే. ఆ గడి తలకట్టు మాత్రం పూర్తిగా చదవరు. అక్కడున్నది 'అనుమతించదగిన హద్దు' అని మాత్రమే కాదు, 'మరో వనరు లేనప్పుడు' అన్న షరతు కూడా. ప్రమాణమే ఇంకా విడమరిచి చెప్పింది: అమలు చేయాల్సింది ఆమోదయోగ్య హద్దునే, అది దాటిన నీరు తాగడానికి తగినది కాదు, వేరే వనరు లేకపోతే సహించవచ్చు, రెండో హద్దు కూడా దాటితే ఆ వనరునే తిరస్కరించాలి. నీటి సరఫరా ఇంజనీర్లు చాలాకాలం చేతిపుస్తకంగా వాడిన 1999 నాటి కేంద్ర ప్రభుత్వ సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్‌లోనూ ఇవే 200, 600. అక్కడ షరతు ఇంకా కచ్చితం: ప్రత్యామ్నాయమైన, మెరుగైన వనరు లేనప్పుడే.

ఐఎస్ 10500 పట్టికలోనే నైట్రేటు 45 దగ్గర, సీసం 0.01 దగ్గర ఏ సడలింపూ లేదని రాసి ఉంది. అంటే రాసినవారు ప్రతి అంశం దగ్గరా ఆగి, ఎక్కడ మినహాయింపు ఇవ్వాలో ఆలోచించే ఇచ్చారు. కఠినత్వానికి ఇచ్చింది గత్యంతరం లేని ఊళ్ల కోసం.

ఇప్పుడు ఒంగోలును తీసుకోండి. 2011 లెక్కల్లో రెండు లక్షల పైచిలుకు జనాభా. సముద్రం దగ్గర, భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పన. తాగునీటికి ఆధారం నాగార్జునసాగర్ కుడికాలువ. ఆ నీటిని సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లో నింపి, శుద్ధిచేసి వదలాలి. ప్రకాశం జిల్లా ఆ కాలువకు చివరి భూములు. పైన వంతులు తప్పితే మొదట దెబ్బ తగిలేది ఇక్కడే. పక్కనే గుండ్లకమ్మ రిజర్వాయరు ఉంది. 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో ఇంకో గేటు కొట్టుకుపోయి నిల్వ చేసిన నీరు సముద్రం పాలైంది. ఇలాంటి నగరం 'మాకు వేరే వనరు లేదు' అనగలదా? కాలువ ఉంది, ట్యాంకులున్నాయి, రిజర్వాయరుంది. లేనిది నిర్వహణ. నిర్వహణ లోపాన్ని వనరు లేకపోవడంగా చూపి 600 గడిలోకి దూరడం ఒంగోలుకే కాదు, కాలువ నీళ్ల మీద బతికే ఏ పట్టణానికీ కుదరదని నా వాదన.

ప్రత్యామ్నాయం లేదని ఎవరు తేల్చాలో ప్రమాణం చెప్పలేదు. మినహాయింపు కోరేవారే దానికి అర్హులమని రుజువు చేసుకోవాలన్నది మన న్యాయశాస్త్రంలో పాతుకుపోయిన సూత్రం. ఒకరికే ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని వారే రుజువు చేయాలని పాత సాక్ష్య చట్టం 106వ సెక్షన్ చెప్పింది. కొత్త చట్టంలో అది 109. ఏ రోజు కాలువ నీళ్లు వదిలారో, ఏ రోజు బోరు మోటారు వేసి లైనులో కలిపారో రాసే లాగ్‌బుక్కు మున్సిపాలిటీ చేతిలోనే ఉంటుంది. కుళాయి దగ్గర బిందె పట్టుకున్న మనిషి దాన్నెలా రుజువు చేస్తాడు?

ఐఎస్ 10500 స్వచ్ఛందం, కుళాయి నీటికి దాన్ని తప్పనిసరి చేసిన ఉత్తర్వు లేదు అన్నది ఎదుటివారి వాదన. నిజమే. ఆహార భద్రత చట్టం 2006 నిర్వచనంలో ప్యాకేజ్డ్ తాగునీరు ఆహారం, కుళాయి నీరు కాదు. కానీ ఆ మాటతో కథ ముగియదు. 1991లో సుభాష్ కుమార్ కేసులో కాలుష్యంలేని నీరు 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత ఎం.వి. నాయుడు కేసు మన గడ్డమీద పుట్టింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు పది కిలోమీటర్లలో కాలుష్య పరిశ్రమలపై నిషేధం ఉండగా ఒక నూనెల పరిశ్రమకు ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. 2000లో వెలువడిన తుది తీర్పు దాన్ని నిలబడనివ్వలేదు. పౌరులకు శుభ్రమైన తాగునీరు ఇవ్వడం రాజ్యం విధి అని చెప్పింది. 'శుభ్రమైన' అంటే ఎంత అని ఆ తీర్పులో అంకె లేదు. ఆ అంకె కోసం దేశం రాసుకున్న ప్రమాణం 10500. తన బోర్డులో, తన బులెటిన్‌లో ఆ ప్రమాణాన్నే చూపే మున్సిపాలిటీ, షరతు దగ్గరకు వచ్చేసరికి అది స్వచ్ఛందమని అనడం చెల్లదు.

కఠినత్వం విషం కానప్పుడు ఈ పట్టు దేనికని అడుగుతారు. కిడ్నీలో రాళ్లు దానివల్లే వస్తాయన్న నమ్మకానికి గట్టి ఆధారం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యం దృష్ట్యా దానికి హద్దే పెట్టలేదు. అయినా అది సాక్షి. కాలువ నీరు వచ్చే వీధిలో కఠినత్వం ఉన్నట్టుండి రెట్టింపైతే, ఆ రోజు లైనులోకి వేరే నీళ్లు వచ్చాయన్నమాట. జనావాసాల మధ్య బోరు నీటిలో నైట్రేటు కూడా ఉండే అవకాశం ఎక్కువ. రుచి మారగానే జనం ఆర్వో నీళ్ల క్యాన్ల వైపు వెళ్తారు. రోజుకు 20 రూపాయల క్యాన్ ఒకటే అనుకున్నా నెలకు 600. కుళాయి బిల్లుకు అదనంగా ఒక కూలి కుటుంబం కట్టే రెండో నీటి పన్ను అది. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. కనిగిరి వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఆర్వో ప్రాణరక్షణే. కాలువ నీళ్లు తాగే నగరానికి అది ఎందుకు అవసరమైందో మున్సిపాలిటీ చెప్పాలి.

టీడీఎస్ ఫొటో తీసిన విలేకరి అదే కుళాయి దగ్గర క్లోరిన్ చూసి ఉంటే ఎంత బాగుండేది! రెండు మూడు రోజులకోసారి నీళ్లు వదిలే ఊళ్లలో మధ్యకాలంలో పైపులు ఖాళీగా ఉంటాయి. ఇంటి కనెక్షన్ పైపు చాలాచోట్ల సైడుకాలువలోంచే పోతుంది. నీళ్లు రాగానే చాలా ఇళ్లలో మోటారు వేస్తారు, ఆ పీల్పుకు చిల్లుల్లోంచి మురుగు లోపలికి వస్తుంది. అందులోని క్రిములను అడ్డుకునేది చివరి కుళాయి దగ్గర లీటరుకు మిగిలిన 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్. 2018 మార్చిలో గుంటూరులో అతిసారంతో మనుషులు చనిపోయింది కఠినత్వం వల్ల కాదు.

కాబట్టి ఇకమీద ఖండన ఇచ్చే అధికారిని అడగాల్సినవి ఇవి: ఆ రోజు ఆ వార్డుకు వచ్చిన నీరు ఏ వనరుది, చివరి కుళాయి దగ్గర క్లోరిన్ ఎంత, బోరు కలిపితే కాలువ నీళ్లు ఎందుకు చాలలేదో ఎవరు రాసి సంతకం పెట్టారు. సంతకం చేసిన ఆ కాగితం చూపగలిగితే 600 మాట్లాడొచ్చు. చూపలేకపోతే 240 వచ్చినా, 580 వచ్చినా ఆ నీరు ప్రమాణం తప్పినట్టే.