ప్లేటు మార్చారు సరే, కాలిందెందుకు?

క్లచ్ కాలిన బండి షెడ్డుకి రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న "కొత్త ప్లేట్లకి ఎంతవుతుంది?" రెండోది "సాయంత్రానికి ఇచ్చేస్తారా?" అసలు అడగాల్సింది ఇంకొకటుంది: "ఎందుకు కాలింది?" దానికి జవాబు వెతక్కుండా పార్టు మార్చేస్తే దాన్ని రిపేరు అనకూడదని నా అభిప్రాయం. మెకానికల్ వాళ్లే కాదు, మిగతా బ్రాంచిల వాళ్లూ చివరిదాకా చదవండి. మీకూ పనికొచ్చే విషయమే.

ఉదాహరణకి మన రోడ్ల మీద అరుదుగా కనిపించే బండిని తీసుకుంటున్నాను. దాన్ని సైడ్-బై-సైడ్ అంటారు. ఏటీవీ మీదైతే బైకు ఎక్కినట్టు కాళ్లు చెరోవైపు వేసి, హ్యాండిల్ పట్టుకుని కూర్చుంటాం. సైడ్-బై-సైడ్‌లో ఇద్దరు పక్కపక్క సీట్లలో బెల్టు పెట్టుకుని కూర్చుంటారు. స్టీరింగు ఉంటుంది, తల మీద ఇనప గొట్టాల రోల్ కేజ్ ఉంటుంది. అమెరికాలో పొలం పనులకీ, వేటకీ, సరదాకీ వీటిని తెగ వాడతారు. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ ఇసుక దిబ్బలు వీటికి పేరుమోసిన చోటు. 2007లో మన దేశంలో మొదలైన బాజా ఎస్‌ఏఈ ఇండియా పోటీల కోసం విద్యార్థులు తయారుచేసే బండి దీనికి ఒంటి సీటు తమ్ముడి లాంటిది.

ఈ బళ్లలో "క్లచ్ కాలింది" అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. పొలారిస్ ఆర్‌జెడ్‌ఆర్, కాన్-యామ్ మావెరిక్ లాంటి వాటిలో ఉండేది సీవీటీ. మన స్కూటీలో ఉండే పద్ధతే, కాస్త పెద్ద సైజులో. రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక రబ్బరు బెల్టు. ఆ పుల్లీలనే అక్కడ ప్రైమరీ క్లచ్, సెకండరీ క్లచ్ అంటారు. కాబట్టి ఆ బళ్లలో క్లచ్ కాలిందంటే చాలాసార్లు బెల్టు కాలిందనే. 2016 మోడల్‌గా వచ్చిన యమహా వైఎక్స్‌జెడ్ 1000ఆర్ మాత్రం వేరే దారి పట్టింది. 998 సీసీ, మూడు సిలిండర్లు, అయిదు గేర్ల మాన్యువల్ బాక్సు, కాలితో తొక్కే క్లచ్. లోపల ఉండేది మన పల్సర్‌లో ఉన్నట్టే ఆయిల్‌లో తడుస్తూ తిరిగే మల్టీప్లేట్ క్లచ్.

ముందు వేడి సంగతి చూద్దాం. చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. డ్రైవర్ ఎక్సలరేటర్ తొక్కి క్లచ్ సగం వదిలాడు. లెక్క సులువుగా ఉండటానికి క్లచ్ దగ్గర టార్క్ 60 న్యూటన్ మీటర్లు, అటు ఇటు తిరిగే ప్లేట్ల మధ్య వేగం తేడా 3,000 ఆర్‌పీఎం అనుకుందాం. ఆ వేగాన్ని రేడియన్లలోకి మార్చి గుణిస్తే దాదాపు 19 కిలోవాట్లు. అంటే 1,000 వాట్ల ఇస్త్రీపెట్టెలు 19 తెచ్చి ఆ చిన్న డబ్బాలో పెట్టి ఒకేసారి ఆన్ చేసినట్టు. ప్లేట్లలో ఉక్కు ఒక కేజీ ఉందనీ, వేడి ఎటూ పోవడం లేదనీ అనుకుంటే, సెకనుకి 38 డిగ్రీల చొప్పున ఎక్కుతుంది. నిజానికి ఆయిల్ కొంత వేడిని లాక్కుపోతుంది. అయినా బండి కదలకుండా పది సెకన్లు అలాగే పట్టి ఉంచితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మామూలు ఉక్కు 300 డిగ్రీల దగ్గర నీలం రంగుకి తిరుగుతుంది. కాబట్టి నీలం తిరిగిన ప్లేటు అంటే తన మీద ఎంత వేడి పడిందో రాసిపెట్టుకున్న ప్లేటన్నమాట.

కాలిన పార్టు ఇలాంటివి చాలా చెబుతుంది. ప్లేట్లన్నీ ఒకే తీరుగా నల్లబడి నునుపెక్కాయా? అయితే క్లచ్ చాలాసేపు జారుతూనే ఉంది. డ్రైవర్ హాఫ్ క్లచ్‌లో లాగించి ఉండాలి, లేదా స్ప్రింగుల బిగువు తగ్గి ఉండాలి, లేదా పెడల్‌కి ఫ్రీ ప్లే లేక ప్లేట్లు ఎప్పుడూ కొంచెం ఎడంగానే ఉండి ఉండాలి. ఉక్కు ప్లేటు మీద అక్కడక్కడా మచ్చల్లా నీలం ఉందా? ప్లేటు వంకరపోయి కొన్ని చోట్లే ఆనుతోంది. ప్లేట్లు చూడటానికి బాగానే ఉన్నా బండి జారుతోందా? ఆయిల్ డబ్బా చూడాలి. తడి క్లచ్ ఉన్న బండికి జాసో ఎంఏ రకం ఆయిల్ పోయాలి. స్కూటర్ల కోసం చేసిన ఎంబీ రకంలో ఘర్షణ తక్కువ, అక్కడ అది మంచిదే, ఇక్కడ క్లచ్ పట్టు పోతుంది. బాస్కెట్ వేళ్ల మీద గాట్లు పడ్డాయా? ప్లేట్లు ఆ గాట్లలో ఇరుక్కుని సాఫీగా జరగవు.

బెల్టు కూడా అంతే. ఒకే ఒక్క చోట కాలి సన్నబడిందంటే బండి కదలకుండా ఇరుక్కుపోయి ఉన్నప్పుడు పుల్లీ ఆ ముక్కనే రుద్దింది. లో గేరు వేయాల్సిన చోట హై గేరులో తొక్కి ఉంటారు. చుట్టూతా మెరుస్తోందంటే ఆగకుండా జారుతూ వచ్చింది. పుల్లీలకి ఆయిల్ తగిలిందా, డబ్బాలోకి నీళ్లు వెళ్లాయా, గాలి వచ్చే గొట్టం మూసుకుపోయిందా అని చూడాలి. అంచులు పీచులు పీచులుగా లేచాయంటే పుల్లీలు ఒక వరుసలో లేవు.

యజమానిని అడగాల్సినవీ కొన్ని ఉన్నాయి. 30 అంగుళాల టైర్లు తీసి 32 వేయించారనుకోండి. అదే ఇసుకలో అంతే బలంతో లాగాలంటే క్లచ్ దాదాపు 7 శాతం ఎక్కువ టార్క్ మోయాలి. టైర్లు అలాగే ఉంచి క్లచ్ కిట్ ఒక్కటే మార్చిస్తే బండి మళ్లీ అదే షెడ్డుకి వస్తుంది.

కారణం తెలిశాక రిపేరు చేసే తీరే మారుతుంది. కాలిన ప్లేట్ల పొడి ఆయిల్‌లో కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చాలి. ఉక్కు ప్లేట్లని చదునైన గాజు పలక మీద పెట్టి ఫీలర్ గేజ్‌తో వంకర చూడాలి. ఫ్రిక్షన్ ప్లేట్ల మందం, స్ప్రింగుల పొడవు వెర్నియర్‌తో కొలిచి సర్వీస్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చాలి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లని బిగించే ముందు ఆయిల్‌లో నానబెట్టాలి, పొడిగా ఎక్కిస్తే మొదటి స్టార్ట్‌లోనే మాడతాయి. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తో బిగించాలి. చివర్లో ఫ్రీ ప్లే సరిచూడాలి. సీవీటీ అయితే తెగిన బెల్టు పీచు ఒక్కటి కూడా మిగలకుండా ఏరేసి, పుల్లీ ముఖాలని జిడ్డు లేకుండా తుడిచాకే కొత్త బెల్టు వేయాలి.

"ఇవన్నీ చూస్తూ కూర్చుంటే షెడ్డు నడుస్తుందా బ్రదర్?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కస్టమర్ ఎదురుగా నిలబడి తొందరపెడుతుంటే మెకానిక్ అన్న మాత్రం ఏం చేస్తాడు? కానీ విప్పిన ప్లేట్లని వరుసగా పరిచి చూడటానికి పట్టేది పది నిమిషాలు. అనుభవం ఉన్న మెకానిక్‌లు ఈ పని ఎప్పట్నుంచో చేస్తున్నారు. దమ్ములో దిగబడిన ట్రాక్టర్‌ని హాఫ్ క్లచ్‌లో లాగించారా, పెడల్ మీద కాలు ఆనించి నడిపే డ్రైవరా అని విప్పకముందే ఆరా తీస్తారు. ట్రాక్టర్‌ది పొడి ప్లేటు, సైడ్-బై-సైడ్‌ది తడి ప్లేటు, అంతే తేడా. ప్రశ్న మాత్రం ఒకటే. వాళ్లకి ఆ జ్ఞానం ఉంది, రాసిపెట్టే అలవాటు లేదు. మనకి రాసే అలవాటు ఉంది, చేతిలో ప్లేటు లేదు.

నా అసలు బాధ ఇక్కడే. క్లచ్ మీద మనం లెక్కలు బోలెడు చేశాం. కొత్త ప్లేటుకి యూనిఫామ్ ప్రెషర్, అరిగినదానికి యూనిఫామ్ వేర్ అని ఖుర్మి పుస్తకం చూసి కళ్లు మూసుకుని రాస్తాం. ఆ లెక్కల్లో మ్యూ విలువ 0.3 అనో మరొకటో ఇచ్చేస్తారు. బండిలో ఎవరూ ఇవ్వరు. వేడెక్కితే అది మారుతుంది, ప్లేటు నునుపెక్కితే పడిపోతుంది, ఆయిల్ మారితే ఇంకోలా ఉంటుంది. క్లచ్ కాలడం అంటే ఆ మ్యూ చేజారిపోవడమే. ల్యాబ్‌లో ఎర్ర రంగు, పచ్చ రంగు వేసిన కట్ సెక్షన్ మోడల్ చూసి బయటికొచ్చిన వాడికి కాలిన ప్లేటు వాసన ఎలా తెలుస్తుంది?

అందుకే ఒక చిన్న ప్రతిపాదన. మన వర్క్‌షాపులో ఒక బీరువా అర ఖాళీ చేసి దానికి "పాడైన పార్టులు" అని పేరు పెడదాం. షెడ్డుల్లో పాత ప్లేట్లు, బెల్టులు తుక్కు కింద పోతున్నాయి, అడిగితే సంతోషంగా ఇస్తారు. ఒక్కో పార్టు పక్కన ఒక కాగితం: ఏ బండిది, ఎలా నడిపారు, ఏం కనిపిస్తోంది, ఎందుకు అయి ఉండొచ్చు. కారణం తెలియకపోతే తెలియదనే రాద్దాం. తర్వాత వచ్చే జూనియర్ ఎవరైనా తేలుస్తారు. బాజా టీమ్ వాళ్లకైతే ఇది మరీ అవసరం. సీనియర్లు పాసై వెళ్లిపోతే ఏ బెల్టు ఎందుకు తెగిందో చెప్పేవాళ్లుండరు, జూనియర్లు మళ్లీ అదే బెల్టు అదే తీరులో తెంపుతారు.

సీఎస్‌ఈ మిత్రులు నవ్వుకోకండి. సర్వర్ పడిపోగానే లాగ్స్ చూడకుండా రీస్టార్ట్ కొట్టేది ఎవరు? ఈఈఈ వాళ్లూ, ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే ఇంకా లావు తీగ చుట్టడం ఎక్కడా చూడలేదా? పని నడిచిపోతుంది, రెండు రోజులు.

ఈసారి మీ బైకు క్లచ్ ప్లేట్లు మార్పిస్తే, పాతవి ఇమ్మని అడిగి తీసుకోండి. కాగితంలో చుట్టి క్లబ్‌కి తెచ్చివ్వండి. మొదటి అర వాటితోనే నింపుదాం.