బాయి పటం ఎవరి చేతిలో ఉండాలి?

1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చస్నాలా గనిలో, పైనున్న పాత పనుల్లో నిలిచిన నీరు అడ్డుగోడ తెంచుకుని లోపలికి దూకింది. 375 మంది చనిపోయారు. 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది ప్రాణాలు తీశాయి. 2018 డిసెంబరులో మేఘాలయలోని క్సాన్ గనిలో కార్మికులు చిక్కుకుపోతే, ఆ గనికి అసలు పటమే లేదు.

భూగర్భ గనిలో పటం అంటే ప్రాణం. పాత పనులకు 60 మీటర్ల దూరంలోకి వస్తే అనుమతి లేకుండా ముందుకు తవ్వకూడదని చట్టం చెబుతోంది. పటం తప్పైతే ఆ 60 మీటర్లకూ అర్థం లేదు.

ఇప్పుడు జీఐఎస్ వచ్చింది. రాతి పొరల పగుళ్లు, పైకప్పు బలం, పాత పనులు, పైన పారే వాగులు, గ్యాస్ కొలతలు, గతంలో బండ కూలిన చోట్లు అన్నింటినీ ఒకే పటంపై పొరలుగా పరిచి, ఎక్కడ ముప్పు ఎక్కువో ఎరుపు, పసుపు రంగుల్లో గుర్తించవచ్చు. దీన్ని మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం.

కానీ ఆ పటంలోకి ఎవరి మాట ఎక్కుతోంది? బోరుబావుల మధ్య వందల మీటర్ల దూరం ఉంటుంది. ఆ మధ్యలో ఉన్నదంతా అంచనాయే. ఆ ఖాళీలో కడ్డీతో పైకప్పును తట్టి, డొల్ల శబ్దాన్ని పసిగట్టేది సపోర్టు కార్మికుడు. దిమ్మె చిట్లిన చప్పుడు మొదట వినేదీ అతనే. ఈ పనుల్లోకి దిగింది ఎక్కువగా దళిత, బహుజన, ఆదివాసీ కుటుంబాల వాళ్లే. వాళ్ల అనుభవాన్ని 'సమాచారం'గా లెక్కించకపోవడంలో పని ఒకరిది, తెలివి ఇంకొకరిది అనే పాత కుల సూత్రమే కనిపిస్తోంది.

అందుకే మా డిమాండ్లు ఇవి. ముప్పు పటాన్ని ప్రతి షిఫ్టుకు ముందు గని ముఖద్వారం దగ్గర తెలుగులో, వలస కార్మికులున్న చోట హిందీలో కూడా పెట్టాలి. ఎవరికీ దెబ్బ తగలకుండా కూలిన బండను కూడా చోటుతో సహా నమోదు చేయాలి. కార్మిక ఇన్‌స్పెక్టర్లకు, భద్రతా కమిటీలకు ఆ పటం పూర్తిగా అందాలి. ఎర్ర గుర్తున్న చోటికి వెళ్లనన్న కాంట్రాక్టు కార్మికుడి కూలి కోయకూడదు.

బొగ్గు ఊళ్ల నుంచి భూగర్భశాస్త్రం, భూగోళశాస్త్రం చదువుతున్న మన పిల్లలకు ఒక్క మాట. జీఐఎస్ నేర్చుకోండి. నేర్చుకుని, తండ్రుల చెవులకు తెలిసిన సంగతుల్ని పటంలోకి ఎక్కించండి.