తండ్రి నేర్వవలసిన భాష యేది?

యౌవనారంభమున నున్న బిడ్డలకును వారి తల్లిదండ్రులకును మాట కలియుట లేదట. ఇందులకు మందు సిద్ధముగ నున్నది. బిడ్డలు తమలో తాము వాడుకొను కొత్త మాటలను పెద్దలు కూడ వల్లెవేయవలెననియు, అంతటితో ఇంటిలోని ముభావము మాయమగుననియు పట్టణములలోని సలహాదారులు బోధించుచున్నారు. ఈ సలహా హైదరాబాదు మేడలలో నెంతవరకు పనిచేయునో మాకు తెలియదు. మోత్కూరు వంటి యూరిలో దీని యర్థమేమో విచారింతము.

తల్లి పత్తిచేనికి కైకిలి పోవును. తండ్రికి కొద్దిపాటి పొలము. కుమారుడు గురుకుల పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచు దసరా సెలవులకు ఇల్లు చేరినాడు. “ఏం బిడ్డా, సదువెట్ల నడుస్తున్నది?” అని తండ్రి పలుకరించును. “లైట్ తీసుకో నాయినా” అని బిడ్డ చేతిలోని ఫోనునుండి తల యెత్తకయే బదులిచ్చును. తండ్రి యంతటితో ఊరకుండును. మాట యర్థము కాక ఊరకుండెనని సలహాదారు లనుకొందురు. గుంటుక తోలి, గొర్రు పట్టి, ఎరువుల బస్తాపై నక్షరములను కూడబలుకుకొని బ్రదుకు సాగించువానికి ఈ రెండు ముక్కలు నేర్చుట యొక కష్టమా? తన మాట బిడ్డ చెవికి మోటుగ తోచునేమో యని యాతడు వెనుదీయుచున్నాడు. రోగమొకచోట నుండగా మందు వేరొకచోట రాయుచున్నారు.

కుర్రవాండ్ర మాటలను మేము నిందింపము. ఒకరిద్దరు పండితులు వానిని విని చెవులు మూసికొనుచున్నారు గాని, తాము చిన్ననాట పెద్దలకు తెలియకుండ ‘క’ భాష మాటలాడిన సంగతి మరచినట్లున్నారు. ఇట్టి మాటలు పుట్టునదే పెద్దలను ఆవలనుంచుటకు. 2023లో ఆక్స్‌ఫర్డు నిఘంటువువారు ‘రిజ్’ అను కుర్రకారు మాటను ఆ యేటి మాటగా ఎన్నుకొనిరి. నిఘంటువున కెక్కిన మాటతో పిల్లలకిక పనియేమి? తండ్రి దానిని కష్టపడి నేర్చి పలుకునాటికి కుమారుడు దానిని విడిచి మరియొకటి పట్టియుండును. పిల్లలు నవ్వుదురు, అంతియే ఫలము.

పరాయి మాట వచ్చినంతమాత్రమున భాష చెడదు. దవాఖాన, జాగ, గల్లీ యనునవి ఉర్దూతో వచ్చినవే. నేడు మోత్కూరు ముసలమ్మ ‘దవాఖానకు పోవాలె’ ననిన నందులో పరాయితన మెవరికి కనబడును? నేటి కుర్రవాండ్ర ‘కిరాక్’ సైతము హైదరాబాదు బజారులలోని దక్కనీ పలుకుబడియే. మాటలు వచ్చుట వేరు, తన మాటకు తాను సిగ్గుపడుట వేరు. ఈ రెండవదాని చేదు తెలంగాణమున కెరుకయే.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనాభాషగా నెలకొన్నది. దేశభాషలో ఉన్నతవిద్య యని దానికి కీర్తి కలిగినది. కాని రాజ్యములో తెలుగువారే అధికసంఖ్యాకులు. వారి బిడ్డ చదువుకొరకు ఇంటి మాటను గడప లోపలనే విడిచి పోవలసివచ్చినది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో కార్వే పండితుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేచినప్పుడు సభలో గేలి రేగినది. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. 1922లో నల్లగొండనుండి ‘నీలగిరి’, 1926లో హైదరాబాదునుండి ‘గోలకొండ’ పత్రికలు వెలువడెను. ఆ తరమువారు అన్యభాషలను ద్వేషించినవారు కారు. బూర్గుల రామకృష్ణారావుగారు ఉర్దూ పారశీకములలో విద్వాంసులు. తెలుగునకు మాత్ర మెన్నడును తలవంచుకొనలేదు.

ఆంధ్రదేశపు మరియొక మూలనుండి వేరొక సాక్ష్యము. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు సవరల భాషను నేర్చిరి. సవరవానివలె నటించి వారిని మెప్పించుటకా? కాదు. వారి బిడ్డలకు వారి మాటలోనే పాఠములు వ్రాయుటకు. ఎదుటివాని భాష నేర్చుట అట్టి పూనికతో జరిగిన నాడు ఎవరు కాదందురు?

నేటి స్థితి చూడుడు. 2018 నాటి చట్టము తెలంగాణ పాఠశాలలలో తెలుగును విధిగ బోధింపవలె నన్నది. 2022–23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో మొదటి తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. మేము దీనికి వైరులము కాము. తన బిడ్డకు ఇంగ్లీషు రావలెనని కైకిలితల్లి కోరుట న్యాయము. తమ సంతానమును కాన్వెంటులకు పంపుచు పేదలకు మాత్రము మాతృభాషా మాహాత్మ్యము బోధించు పెద్దమనుష్యుల వంచనను మేము సహింపము. కాని బడి ఇంగ్లీషు నేర్పును, పాఠ్యపుస్తకము గ్రంథపు తెలుగు నేర్పును. ఎవుసము, తొవ్వ, మొగులు అను మాటల నెవరు నేర్పుదురు? అవి తల్లి నోట మాత్రమే యున్నవి. ఆ తల్లినే నోరు మూసికొని బిడ్డ మాటలు వల్లెవేయు మనుట యెంత విపరీతము!

కుమారుని కొత్త మాట యేదో తండ్రి తప్పక అడుగవచ్చును. అడిగిన పిమ్మట తన మాట యొకటి బదులీయవలెను. గుంటుకకును గొర్రునకును భేదమేమో, ఏ మొగులు చూచి విత్తనము వేయుదురో చెప్పవలెను. ఇది ఇంటివారిపై మాత్రమే వదలదగిన పని కాదు. సెలవులకు బిడ్డలను పంపునపుడు ఉపాధ్యాయులు లెక్కలతో పాటు ఇంకొక పని యీయవలెను: పాఠ్యపుస్తకమున లేని ఇంటి మాటలు ఇరువది, తల్లిదండ్రుల నడిగి యర్థముతో వ్రాసి తెచ్చుట. దానికి మార్కులు కూడ వేయవలెను. మార్కులు లేని పనిని బిడ్డ లెంత గౌరవింతురో మన మెరుగనిది కాదు. వచ్చు దసరాకు మోత్కూరున బస్సు దిగు ప్రతి బిడ్డ సంచిలోను అట్టి నోటుపుస్తక మొకటి యుండునట్లు చూడవలసినదిగ ప్రధానోపాధ్యాయులను కోరుచున్నాము.