అరువు కార్డా? కానుక కార్డా?

మన యానాం కుటుంబములలో పలువురి బిడ్డలు నేడు అమెరికాలో ఉద్యోగములు చేయుచున్నారు. వారి తల్లిదండ్రులు అప్పుడప్పుడు అచటికి పోయి, నాలుగైదు మాసములుండి వచ్చుచున్నారు. తిరిగివచ్చిన పెద్దల ముచ్చటలలో తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. కాస్ట్‌కో యను సభ్యుల గిడ్డంగి దుకాణమున సభ్యులు కానివారు సరుకులు కొనవచ్చునా, కొనరాదా యనునదియే ఆ ప్రశ్న. చూచుటకు ఇది చిన్నదే. అయినను ఇందు పెద్దల గౌరవమును, మన నడవడియు ఇమిడియున్నందున మా అభిప్రాయమును చదువరుల ముందుంచుచున్నాము.

ముందుగా ఆ దుకాణపు పద్ధతిని గ్రహింపవలెను. 1976లో శాన్ డియాగో నగరమున సోల్ ప్రైస్ అను వర్తకుడు ప్రైస్ క్లబ్ అను పేర ఇట్టి గిడ్డంగిని తెరచెను. 1983లో సియాటిల్ నగరమున కాస్ట్‌కో వెలసినది. 1993లో ఆ రెండును ఏకమైనవి. సభ్యులు ఏటేట రుసుము చెల్లింతురు. దుకాణమువారు సరుకులపై స్వల్పలాభము మాత్రమే వేసికొందురు. 2024 సెప్టెంబరు 1 నుండి అమెరికాలో సాధారణ సభ్యత్వపు రుసుము ఏడాదికి 65 డాలర్లుగా నిర్ణయింపబడినది. 2024 ఆర్థిక సంవత్సరమున సంస్థ నికరలాభము సుమారు 737 కోట్ల డాలర్లు కాగా, సభ్యత్వ రుసుముల రాబడియే సుమారు 480 కోట్ల డాలర్లు. అనగా అచటి చవుకదనమునకు మూలాధారము ఆ రుసుమే.

ఒక్కొక్క సభ్యత్వముతో అదే యింట నుండు మరియొకరికి ఉచితముగా కార్డు లభించును. అది సామాన్యముగా కోడలికో, అల్లునికో చెందును. సభ్యుడు తనవెంట ఇరువురు అతిథులను తీసికొనిపోవచ్చును గాని, సొమ్ము చెల్లించి కొనవలసినది సభ్యుడే. కొడుకును కోడలును ఉద్యోగములకు పోయిన వేళ తండ్రి స్వయముగా నాలుగు వస్తువులు కొనదలచినచో ఏమి చేయవలెను?

కొందరు కొడుకు కార్డునే జేబులో వేసికొని పోవుచున్నారు. ఇది తగదు. సభ్యత్వము ఒకరినుండి యొకరు ఎరువు తెచ్చుకొనునది కాదు. కార్డుపై సభ్యుని ఛాయాచిత్రముండును. 2024లో ద్వారములకడ కార్డులను తనిఖీచేయు యంత్రములును వచ్చినవి. అరువు సొమ్ములు బరువుచేటని మన పెద్దలు ఊరకే అనలేదు. డెబ్బదియేండ్లు తలయెత్తుకొని బ్రదికిన మనిషి నాలుగు డాలర్ల ఆదాకై పరాయిదేశమున నలుగురి యెదుట సంజాయిషీ చెప్పుకొనవలెనా?

ఇందుకు న్యాయమైన మార్గమొకటి కలదు. షాప్ కార్డు అను కానుక కార్డును సభ్యులు మాత్రమే కొనగలరు. కాని దానితో సభ్యులు కానివారును గిడ్డంగిలో సరుకులు కొనవచ్చును. కొడుకు నూరు డాలర్ల కార్డు కొని యిచ్చినచో, తండ్రి ద్వారమువద్ద దానిని చూపి నిస్సంకోచముగా లోనికి పోవచ్చును. వైద్యుడు వ్రాసియిచ్చిన మందులు కొనుటకైతే సభ్యత్వమే అక్కరలేదు. ఈ సంగతియు పెద్దలు తెలిసికొనియుండుట మంచిది.

ఇది రుసుము తప్పించుకొను దొడ్డిదారి కాదా యని కొందరు ప్రశ్నింతురు. ఇంటివారు తామే తెరచియుంచిన తలుపు దొడ్డిదారి కానేరదు. కాని అది అతిథికై తెరచిన తలుపు. అచటనే స్థిరపడి, సంపాదన గలిగియుండి, నెలనెలా మిత్రునిచేత కార్డు కొనిపించుకొనువాని సంగతి వేరు. అతడు నియమమును మీరకపోవచ్చును. అయినను ఇతరులు చెల్లించిన రుసుమువలన తగ్గిన ధరను తానేమియు చెల్లింపక అనుభవించుచున్నాడు. నెలకు అయిదున్నర డాలర్లకు మించని భారమును వహించుట అట్టివానికి కష్టము కాదు.

యానాం వారికి ఈ వివేచన క్రొత్తది కాదు. ఫ్రెంచివారి ఏలుబడిలో మన మంగళవారపు సంతకు ఇరుగుపొరుగు బ్రిటిషు ప్రాంతమునుండి జనులు విదేశవస్తువులకై వచ్చెడివారు. ఎల్ల దాటినంతనే ధర మారుట మన తాతలు కన్నులార చూచిరి. సంతలో బేరమాడి కొనుట ఒకటి, సరిహద్దున సుంకము ఎగవేయుట మరియొకటి. చవుకగా కొనుట తప్పు కాదు. ఏ దారిని కొంటిమన్నదే ముఖ్యము.

తుదకు రెండు మాటలు. పెద్దలారా, ఆ గిడ్డంగులలో పెద్ద పెద్ద మూటలే అమ్ముదురు. ఇద్దరు తినువారికి పదిమందికి సరిపడు సరుకు కొని పారవేయుట పొదుపు కాదు. బిడ్డలారా, తల్లిదండ్రులు నోరు తెరచి అడుగక మునుపే ఆ కార్డును వారి చేతిలో నుంచుడు. సొంత యూరిలో తమ చేతులతో సంసారము నడపినవారు ప్రతి చిన్న వస్తువునకు మీ తీరిక కొరకు ఎదురుచూడవలసి వచ్చుట వారికి ఎంత కొరతయో వారు చెప్పరు. నూరు డాలర్ల కార్డు ఆ కొరతను కొంత తీర్చును. మనుమని కొరకు తాత తానే యేరి తెచ్చిన పండ్లబుట్టకు ఏ సభ్యత్వమును సాటి రాదు.