పెద్దకార్యం నాడు పెట్టమన్న సంతకం

ఈ వారం ఆవకాయ కొలతలు రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను, కోప్పడకండి. నాలుగు రోజుల కిందట అమలాపురం బస్సులో పక్క సీట్లో కూర్చున్నావిడ, ఆయన పోయి ఆరు నెలలైందనీ, కాగితాలు పట్టుకుని ఎక్కడికెళ్ళాలో తెలియక తిరుగుతున్నాననీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంటికొచ్చినా ఆవిడే గుర్తొస్తోంది. అందుకే మా అక్క సంగతి రాస్తున్నాను. రాయమని అక్కే చెప్పింది.

మా అక్కది కొత్తపేట దగ్గర పల్లెటూరు. మూడేళ్ళ కిందట బావగారు గుండెపోటుతో నిద్రలోనే పోయారు. ఆయన సొంతంగా కొనుక్కున్న ఎకరం ఇరవై సెంట్ల కొబ్బరితోట, ఉంటున్న ఇల్లు, బ్యాంకులో కొంత డిపాజిట్టు, అంతే ఆస్తి. విల్లు రాయలేదు. యాభై ఏళ్ళకే ఎవరు రాస్తారు లెండి! కూతురికి పెళ్ళైపోయింది, కొడుకు చదువుకుంటున్నాడు. బావగారి తల్లి ఉంది, ఎనభై దాటిన మనిషి.

పెద్దకార్యం నాడు భోజనాలు అవుతుండగా బావగారి తమ్ముడు ఒక స్టాంపు కాగితం తెచ్చాడు. "వదినగారూ, దింపులు నేనే చూసుకోవాలిగా, ఆఫీసులో పేరు మార్చడానికి అడుగుతున్నారు, ఇక్కడో సంతకం పెట్టండి" అన్నాడు. అక్క ఏడ్చి ఏడ్చి ఉంది, కలం అందుకుంది. నేను వడ్డిస్తున్నదాన్ని గరిటె కింద పెట్టి, "ఉండండి బావగారూ, కళ్ళజోడు తెచ్చుకుని ఒకసారి చదువుతాను" అన్నాను. నేను చదివింది ఇంటరే. అయినా "సదరు ఆస్తిలో నాకు గానీ నా బిడ్డలకు గానీ ఏ విధమైన హక్కు లేదని" అన్న ముక్క అర్థం కావడానికి ఆ చదువు చాలు. కాగితం మడిచి నా దగ్గరే పెట్టుకుని, "మైల తీరాక చూద్దాం" అన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. మా అమ్మ కూడా "చుట్టాల్లో మాట వస్తుందే" అని నన్నే కోప్పడింది.

రిజిస్టరు కాని కాగితంతో భూమి మీద హక్కు పోదని తర్వాత వకీలుగారు చెప్పారు. కానీ అలాంటి సంతకం ఒకటి ఉంటే రేపు కోర్టులో అదే పెద్ద తలనొప్పి అట. కాబట్టి కార్యం రోజుల్లో తెల్లకాగితం మీదైనా, స్టాంపు కాగితం మీదైనా చదవకుండా సంతకం పెట్టకండి. "పుట్టింటి పసుపు కుంకుమ" పేరుతో ఆడపడుచుల చేత పెట్టించుకునే సంతకాలు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఇక అసలు లెక్క. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, విల్లు లేకుండా మగమనిషి పోతే ఆయన సొంత ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, తల్లికి తలా ఒక వాటా. కూతురికి పెళ్ళైనా వాటా వాటాయే. వీళ్ళలో ఒక్కరున్నా తమ్ముడికి ఏమీ రాదు. అంటే మా అక్క వాళ్ళ తోటలో నాలుగు వాటాలు: అక్క, కూతురు, కొడుకు, అత్తగారు. అత్తగారి పేరు వినగానే అక్క తెల్లబోయింది. "ఆవిడకి కూడానా?" అంది. అవును, కన్నతల్లికి కూడాను. రేపు మన కొడుకు విషయంలో మనకూ అంతే కదా! తాతల నాటి ఆస్తి అయితే లెక్క మారుతుంది. అందులో ఆడపిల్లలకు మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు. ముస్లిం సోదరీమణులకు వాళ్ళ చట్టం వేరు.

తిరుగుడు ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, మరణ ధ్రువపత్రంతో. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే సులువు. ఏడాది దాటనిచ్చారంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్ళాలి. పది కాపీలు తీసుకోండి, పదీ ఖర్చవుతాయి. తర్వాత మీసేవలో గానీ ఊళ్ళో సచివాలయంలో గానీ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టాలి, తహసీల్దారుగారు ఇస్తారు. పింఛనుకీ, ఆఫీసు బాకీలకీ, పేరు మార్పుకీ ఇది అడుగుతారు. కానీ ఇది ఎవరెవరు కుటుంబమో చెబుతుందే తప్ప ఆస్తి ఎవరిదో తేల్చదు.

మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది పేర్లు. పాస్‌బుక్కులో బావగారి ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరం, బ్యాంకులో అదీ లేదు. ముగ్గురూ ఒకటేనని నోటరీ దగ్గర ప్రమాణపత్రం రాయించాల్సి వచ్చింది. మీ ఇంట్లో అందరూ క్షేమంగా ఉండగానే ఈ మధ్యాహ్నం కాగితాలు తీసి పేర్లు కలుస్తున్నాయో లేదో చూసుకోండి.

బ్యాంకు దగ్గర ఇంకో పొరపాటు. కార్యం ఖర్చులకని మేనల్లుడు బావగారి ఏటీఎం కార్డుతో డబ్బు తీశాడు. మనిషి పోయాక అలా తియ్యకూడదట, నాకూ అప్పటిదాకా తెలీదు. డిపాజిట్టుకి నామినీ లేదు. మూడుసార్లు తిప్పి, చివరికి ఇద్దరు జామీనుదార్ల సంతకాలతో ఇచ్చారు. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలిచ్చింది. నామినీ లేకపోయినా, తగాదా ఏమీ లేకుండా 15 లక్షల లోపు సొమ్మైతే కోర్టు సర్టిఫికెట్ అడక్కుండా వారసులకు ఇవ్వాలి. సహకార బ్యాంకులకు 5 లక్షలు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: బ్యాంకులో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, మొత్తం సొంతదారు కాదు. వారసులకు పంచాల్సిందే.

అంతకు మించిన సొమ్మైనా, తగాదా ఉన్నా సివిలు కోర్టులో సక్సెషన్ సర్టిఫికెట్‌కి వెయ్యాల్సి రావచ్చు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో కోర్టులున్నాయి. ఏ కోర్టులో వెయ్యాలో వకీలు చెబుతారు. ఇది డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీలకే. భూమికి పనికిరాదు. కొందరు "విల్లుంది కాబట్టి ప్రొబేట్ తెచ్చుకోవాలి" అని భయపెడతారు. ఆ తప్పనిసరి నిబంధన మద్రాసు, బొంబాయి, కలకత్తాల విల్లులకు ఉండేది, మన కోనసీమలో రాసుకున్న విల్లుకు, ఇక్కడి ఆస్తికి కాదు. ఇక్కడ విల్లు తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. సాక్షులు మనకన్నా చిన్నవాళ్ళైతే మేలు. రేపు తగాదా వస్తే వాళ్ళేగా వచ్చి చెప్పాలి.

వకీలు ఫీజు ఎక్కడ తేవాలని ఆగిపోకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీకి అర్జీ ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. మా అక్కకు అలాగే వకీలుగారు దొరికారు.

తోట పేరు మార్పుకు అర్జీ పెట్టాం. మరిది అభ్యంతరం చెబుతాడని భయపడ్డాం. చెప్పలేదు గానీ ఒకరోజు వచ్చి కూర్చుని అసలు సంగతి చెప్పాడు. తోట కొన్నప్పుడు అన్నకి రెండు లక్షలు చేబదులిచ్చాడట. కాగితం లేదు. పరువు పోతుందని ఎవరితోనూ అనలేదట. ఆ మాట కార్యం నాడే అని ఉంటే సరిపోయేది కదా అనిపించింది. అది నిజమేనని అత్తగారు చెప్పింది. పోయినవాళ్ళ అప్పుకి వారసులు తమకొచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. అక్క మాత్రం ఆ లెక్కలోకి పోకుండా, దింపుకి ఇంత చొప్పున ఏడాదిన్నరలో తీర్చేసింది, ప్రతిసారీ రసీదు రాయించుకుని.

అత్తగారి వాటా వదిలేయమని అడుగుదామని కొందరు సలహా ఇచ్చారు. అక్క అడిగింది కూడా. "నా వాటా నా పేరునే ఉండనీవే అమ్మాయ్, అప్పుడైతే అన్నం అడిగి తిన్నట్టుండదు" అంది పెద్దావిడ. అక్క మళ్ళీ అడగలేదు. ఇప్పుడు 1-బిలో నలుగురి పేర్లూ ఉన్నాయి. దింపు డబ్బు రాగానే ముందు అత్తగారి నాలుగో వంతు లెక్కపెట్టి ఆవిడ చేతికిస్తుంది. ఆవిడ అందులోంచి మనవడి ఫీజుకి తీసిచ్చి, మిగతాది చీరచెంగున కట్టుకుంటుంది.

మీ సందేహాలు ఉత్తరం రాయండి, వకీలుగారిని అడిగి చెబుతాను. వచ్చే వారం తప్పకుండా ఆవకాయ. కాయలు మాత్రం టెంకె పట్టినవి చూసి కొనండి.