ఇంజన్ విప్పే ముందు

జూన్‌లో ఒక శనివారం పొద్దున మా గరాజ్ ముందు ఒక బండి ఆగింది. దగ్గరకు వెళ్తే కాలిన నూనె వాసన. తెచ్చిన కుర్రాడు ఫిజీ మనవాళ్ల అబ్బాయి. వాళ్ల ముత్తాత మద్రాసు రేవులో ఓడెక్కినవాడు. మా ముత్తాతా అంతే, కాకపోతే మావాడు నేటాల్‌లో దిగాడు.

"అంకుల్, ఇంజన్ బాగా వేడెక్కిపోతోంది. షాపులో పిస్టన్ మార్చి బోర్ చేయించాలన్నారు" అన్నాడు. వాళ్లు చెప్పిన ఖర్చు అతను బండి కొన్న ధర కంటే ఎక్కువ. పై ఆదివారం భార్యను వెనక కూర్చోబెట్టుకుని స్టార్వ్‌డ్ రాక్ పార్కుకు వెళ్లాలని ఉందట. నేను మొదట భయపడింది అందుకే. 60 మైళ్ల వేగంలో ఇంజన్ పట్టేస్తే వెనక చక్రం బిగుసుకుపోతుంది. ఇక తర్వాత జరిగేది మన చేతిలో ఉండదు.

గాలికి చల్లబడే 500 సీసీ సింగిల్ సిలిండర్ అది. దానికి వేడి చూపించే ముల్లు ఉండదు. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: నిలబడ్డప్పుడు వేడెక్కుతోందా, పోతున్నప్పుడా? రూట్ 59 మీద సిగ్నల్ తర్వాత సిగ్నల్ దగ్గర ఆగితే రెక్కలకు గాలి తగలదు, ఏ బండైనా కాలుతుంది. అది జబ్బు కాదు. ఇతని బండి మాత్రం ఖాళీ రోడ్డు మీద 50లో పోతున్నా పదో మైలు దాటాక నీరసపడుతోంది. యాక్సిలరేటర్ తిప్పితే రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు. ఇది జబ్బే.

ఆయిల్ మట్టం సరిగానే ఉంది. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం తిప్పితే తేలిగ్గా తిరిగింది, అంటే బ్రేక్ పట్టుకుని లేదు. (ఇది చూడకుండా ఇంజన్ విప్పేసినవాళ్లను ఎరుగుదును.) టైమింగ్ కూడా బాగానే ఉంది.

తర్వాత ప్లగ్గు. ఖాళీ రోడ్డు మీద కాసేపు అదే వేగంలో నడిపి, క్లచ్ నొక్కి, ఇంజన్ ఆపేసి, పక్కకు వచ్చి నిలబెట్టాం. చేతికి గుడ్డ చుట్టుకుని ప్లగ్గు విప్పాం. లేత గోధుమ రంగులో ఉండాల్సిన పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైందన్నమాట. పెట్రోల్ ఆవిరవుతూ లోపలి వేడిని కొంత తీసుకుపోతుంది. అది చాలకపోతే ఆ వేడంతా సిలిండర్ హెడ్డు మీదే పడుతుంది. చోక్ సగం లాగి నడిపితే బండి హుషారుగా లాగింది. అనుమానం తీరిపోయింది.

మరి పెట్రోల్ ఎక్కడ ఆగుతోంది? ఇంజన్ పూర్తిగా చల్లారాక, గరాజ్ తలుపు బార్లా తీసి, కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టాం. మొదట ధార, నిమిషానికల్లా చుక్కలు. ట్యాంకు మూత తెరిచినా అంతే. అంటే మూతలోని గాలి రంధ్రం తప్పు కాదు. ట్యాంకు ఖాళీ చేసి ట్యాపు విప్పాం. లోపలి జల్లెడ నిండా ఎర్రటి తుప్పు, బంక. జల్లెడ కడిగి, ట్యాంకు తొలిచి, కార్బొరేటర్ కూడా శుభ్రం చేశాం. కంప్రెషన్ చూస్తే బాగానే ఉంది, పిస్టన్ బతికిపోయింది. మర్నాడు 20 మైళ్లు నడిపి మళ్లీ ప్లగ్గు చూస్తే గోధుమ రంగు తిరిగింది.

తప్పు మొదలైంది చలికాలంలో. నవంబరులో సగం ట్యాంకుతో గరాజ్‌లో పెట్టి ఏప్రిల్ దాకా ముట్టుకోలేదు. ఖాళీగా ఉన్న సగంలో తేమ చేరుతుంది. ఇక్కడి బంకుల్లో ఎక్కువగా దొరికేది 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అది కూడా నీటిని పీల్చుకుంటుంది. డర్బన్‌లో మా నాన్నకు ఈ బాధ తెలియదు, అక్కడ బండి ఏడాది పొడుగునా రోడ్డు మీదే. నేపర్‌విల్‌లో మనం నేర్చుకోక తప్పదు: బండి పెట్టేసే ముందు ట్యాంకు నింపి స్టెబిలైజర్ కలపండి, అయిదారు నిమిషాలు నడిపి అది కార్బొరేటర్ దాకా చేరాక ట్యాపు కట్టేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా ఉంచండి.

ఆదివారం సాయంత్రం ఇద్దరూ పార్కు నుంచి తిరిగొచ్చి మా ఇంటి ముందు హారన్ కొట్టారు. ప్లగ్గు చూద్దామంటే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు, ఆకలేస్తోందట.

వచ్చే సంచికలో చైను సంగతి.